మా ట్రస్టు ప్రభుత్వమా, ప్రైవేటా? గణాంకాల ఫారంలో ఏం రాయాలి?

ఫారం_బాధితురాలు
అందరికీ నమస్కారం. నేను ఒక శిక్షణ సంస్థలో అకౌంట్స్ చూస్తాను, పేరు చెప్పను. ట్రస్టుగా రిజిస్టర్ అయింది. పోయిన వారం గణాంకాల విభాగం నుంచి ఆరు పేజీల ఫారం వచ్చింది. బోర్డు సభ్యుల్ని ఎవరు నియమిస్తారు, అప్పు తీసుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి, ఖర్చులో ఎంత భాగం అమ్మకాల మీద వస్తుంది, రేపు సంస్థ మూతపడితే ఆస్తులు ఎవరికి పోతాయి, అన్నీ ఇలాంటి ప్రశ్నలే. మా ఆడిటర్ గారేమో "మనం ప్రైవేటు, ట్రస్టు డీడ్ కాపీ జతచేసి పంపేయమ్మా" అన్నారు. డైరెక్టర్ గారేమో "ఏది రాస్తే గ్రాంటు ఆగదో అది రాయి" అన్నారు. నాకు రెండూ నచ్చలేదు. అసలు వాళ్లకి ఏం కావాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

అడ్డప్రశ్న
ట్రస్టు అంటే ట్రస్టే. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఏముంటే అదే. ఇందులో ఆరు పేజీలు నింపడానికి ఏముంది?

పాతచిట్టా
ఏముందంటే, జాతీయ లెక్కలు, అంటే దేశం మొత్తం ఉత్పత్తి, ఖర్చు, అప్పుల లెక్కలు రాసేవాళ్లు మీ రిజిస్ట్రేషన్ కాగితాన్ని చూసి పక్కన పెట్టేస్తారు. నేను చాలా ఏళ్లు ఆ పనే చేశాను కాబట్టి చెబుతున్నాను. కంపెనీ అని పేరున్నది ప్రభుత్వంలో పడొచ్చు, ప్రభుత్వ శాఖలో ఒక భాగంగా నడిచేది కంపెనీ లెక్కలో పడొచ్చు. వాళ్లు అడిగేవి మూడే మాటలు, అదీ ఒక వరసలో. ఇది సొంతంగా నిలబడే యూనిట్టేనా, అంటే తన పేరు మీద ఆస్తి ఉంచుకుని, అప్పు చేసి, ఒప్పందాలు రాసుకోగలదా? లేకపోతే దాన్ని నడిపే పెద్ద సంస్థలో కలిపేస్తారు, కథ అక్కడితో సరి. నిలబడగలిగితే, దాని మీద అదుపు ఎవరిది? అదుపు ప్రభుత్వానిదే అయితే, అది జనానికి అమ్మే ధర నిజమైన ధరేనా, పేరుకి ఒక ధరా?

అదుపు ప్రభుత్వానిది కాకపోతే ప్రైవేటు. అదుపు ప్రభుత్వానిదే అయినా ధర నిజమైనదైతే అది పబ్లిక్ కార్పొరేషన్. ధర నామమాత్రమైతే నేరుగా ప్రభుత్వం, అంటే లెక్కల భాషలో 'సాధారణ ప్రభుత్వం', ఎస్.13 అనే గూడు. అమ్మా, మీ ఫారంలో ప్రశ్నలన్నీ ఈ రెండో, మూడో మాటలకి జవాబు రాబట్టడానికే.

సగంలెక్క
పాతచిట్టా గారూ, చిన్న సందేహం. ప్రభుత్వానికి 50 శాతం కంటే ఎక్కువ వాటా ఉంటే అది ప్రభుత్వ అప్పు కింద వస్తుంది కదా? మేం బీకాంలో అలాగే రాసినట్టు గుర్తు.

పాతచిట్టా
అక్కడే అందరూ జారేది. ప్రభుత్వ రంగం వేరు, సాధారణ ప్రభుత్వం వేరు. సాధారణ ప్రభుత్వానికి పబ్లిక్ కార్పొరేషన్లను కలిపితే ప్రభుత్వ రంగం అవుతుంది. 50 శాతం వాటా చూపించి మీరు దాన్ని ప్రభుత్వ రంగంలోకి తేగలరు, అంతవరకే. దాని అప్పు ప్రభుత్వ అప్పు అవుతుందా లేదా అనేది మూడో మాట తేలాకే. పైగా వాటా లేకపోయినా అదుపు ఉండొచ్చు. 2008 నాటి అంతర్జాతీయ పద్ధతి, ఈ జాతీయ లెక్కలు ఎలా రాయాలో చెప్పే ఎస్ఎన్ఏ 2008, కంపెనీల విషయంలో ఎనిమిది ఆనవాళ్లు చెబుతుంది. ఓట్ల మెజారిటీ, బోర్డు నియామకం, ముఖ్య అధికారుల నియామకం, ముఖ్యమైన కమిటీలు, గోల్డెన్ షేర్ (ముఖ్య నిర్ణయాల్ని ఆపగల ప్రత్యేక వాటా), నియంత్రణ ఉత్తర్వులు, సరుకంతా కొనే ఏకైక కొనుగోలుదారుగా ప్రభుత్వం ఉండటం, ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో ముడిపెట్టిన షరతులు. కొన్ని ఒక్కటి చాలు, కొన్ని నాలుగు కలిస్తేగానీ చాలవు. ట్రస్టులకి, లాభం చూడని సంస్థలకి ఐదు ఆనవాళ్లు వేరే ఉన్నాయి. అధికారుల్ని ఎవరు పెడతారు, స్థాపక పత్రంలో ఏం రాశారు, ఒప్పందాలు, డబ్బు ఎంత మేర ప్రభుత్వానిది, మునిగితే నష్టం ఎవరిది.

అడ్డప్రశ్న
ఇలా అయితే ప్రతి సంస్థ మీదా ఏదో ఒక ప్రభుత్వ నియమం ఉంటుంది. మందుల కంపెనీకి ఉంది, బ్యాంకుకి ఉంది. అన్నీ ప్రభుత్వమేనా అయితే?

పాతచిట్టా
కాదు. మొత్తం రంగానికీ ఒకేలా వర్తించే చట్టాన్ని అదుపు కింద లెక్కపెట్టరు. "ఈ ప్రమాణాలు పాటించు" అంటే నియంత్రణ. "ఈ ఇల్లు నా అనుమతి లేకుండా అమ్మకు, మూసేయకు, విలీనం కాకు" అంటే అదుపు. గీత చాలా సన్నం, ఒప్పుకుంటాను.

డెస్క్_మీద_నిద్ర
ఆ సన్నని గీత మీద ఇంగ్లండులో పెద్ద కథే జరిగింది. హౌసింగ్ అసోసియేషన్లని ఉంటాయి, తక్కువ అద్దెకి ఇళ్లు ఇచ్చే లాభాపేక్ష లేని సంస్థలు. ప్రభుత్వానికి ఒక్క షేరు లేదు. అయినా 2015 అక్టోబరులో అక్కడి గణాంక కార్యాలయం ఓఎన్ఎస్ వాటిని పబ్లిక్ కార్పొరేషన్లుగా మార్చింది, అదీ 2008 నాటి ఇళ్ల చట్టం వచ్చినప్పటి నుంచి వర్తించేలా. కారణం సరిగ్గా పాతచిట్టా గారు చెప్పిందే, ఇళ్లు అమ్మాలన్నా, సంస్థ రూపం మార్చుకోవాలన్నా నియంత్రకుడి సమ్మతి కావాలి. ఒక్క నిర్ణయంతో సుమారు 60 బిలియన్ పౌండ్ల అప్పు ప్రభుత్వ రంగం ఖాతాలోకి వచ్చి పడింది. ఇల్లు ఒక్కటి కూడా చేతులు మారలేదు చూడండి! తర్వాత ప్రభుత్వం ఆ సమ్మతి అధికారాల్ని చట్టం మార్చి తీసేసింది, బోర్డుల్లో స్థానిక సంస్థల పలుకుబడి తగ్గించింది, 2017 నవంబరులో మళ్లీ ప్రైవేటు అయిపోయాయి. అప్పుని తిరిగి బయటికి తోయడానికి చట్టాన్నే దిద్దుకున్నారన్నమాట.

ఫారం_బాధితురాలు
అమ్మో. నేను ఫారం అనుకున్నాను, ఇది ఇంత దూరం పోతుందా?

డెస్క్_మీద_నిద్ర
ఇంకోటి వినండి. నెట్‌వర్క్ రైల్ అని బ్రిటన్‌లో పట్టాలు, స్టేషన్లు చూసే సంస్థ 2002లో వచ్చింది. వాటాదారులే లేరు, వాటాలకి బదులు సభ్యుల హామీ మీద నిలిచే కంపెనీ. అప్పులకి మాత్రం సర్కారు హామీ. చాలా ఏళ్లు ప్రైవేటు అనే లెక్కేశారు. యూరప్ కొత్త పద్ధతి ఈఎస్ఏ 2010 అమల్లోకి వచ్చిన 2014 సెప్టెంబరు నుంచి అది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిపోయింది, పాత లెక్కలు 2004 దాకా వెనక్కి దిద్దారు. లోపలికి వచ్చిన అప్పు 30 బిలియన్ పౌండ్ల పైమాటే. ఇక్కడ కాగితం మీద మార్పు నేల మీదికి కూడా వచ్చింది, అప్పటినుంచి అది సొంతంగా మార్కెట్లో బాండ్లు అమ్మడం మానేసి ప్రభుత్వం దగ్గరే అప్పు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. వర్గీకరణ ఒట్టి లేబుల్ అనేవాళ్లకి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ ఇదే.

సగంలెక్క
ఒకటి అర్థం కాలేదు. ఇళ్ల సంస్థలు పబ్లిక్ కార్పొరేషన్ అయితే యూరప్ లోటు లెక్కలోకి రావు కదా, మరి అంత గొడవ ఎందుకు?

డెస్క్_మీద_నిద్ర
మంచి ప్రశ్న. యూరోపియన్ యూనియన్ తన దేశాలకి పెట్టిన మాస్ట్రిక్ట్ లెక్క, అదే జీడీపీలో 3 శాతం లోటు, 60 శాతం అప్పు అనే హద్దు, సాధారణ ప్రభుత్వం వరకే చూస్తుంది. బ్రిటన్ మాత్రం తన ముఖ్యమైన అప్పు అంకెను ప్రభుత్వ రంగం మొత్తానికి కడుతుంది, అందులో పబ్లిక్ కార్పొరేషన్లు కూడా ఉంటాయి. అందుకే బ్రిటన్‌లో పోట్లాట పబ్లిక్‌కీ ప్రైవేటుకీ మధ్య గీత మీద, యూరప్ దేశాల్లో పోట్లాట ప్రభుత్వానికీ పబ్లిక్ కార్పొరేషన్‌కీ మధ్య గీత మీద. ఎక్కడ అంకె బిగుసుకుంటుందో అక్కడే గీత చుట్టూ గోల.

2008లో బ్రిటన్ తన బ్యాంకుల్ని ఆదుకున్నప్పుడు ఆర్బీఎస్, లాయిడ్స్ అనే పెద్ద బ్యాంకులు ప్రభుత్వ రంగంలోకి వచ్చాయి. వాటి అప్పులు కలిపేసరికి అంకె అర్థం లేనంతగా పెరిగిపోయింది. చివరికి బ్యాంకుల్ని వదిలేసి ఇంకో అంకె వేసి దాన్నే ముందు పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే నాకు అది పెద్ద తప్పనిపించలేదు, బ్యాంకు డిపాజిట్‌నీ ప్రభుత్వ బాండునీ ఒకే కుప్పలో పోస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

అడ్డప్రశ్న
అంటే నచ్చకపోతే తీసేస్తారు. బాగుంది.

పాతచిట్టా
నచ్చకపోతే తీసెయ్యలేదు నాయనా, రెండు అంకెలూ అచ్చువేశారు. తేడా ఉంది. గ్రీసు కథ చూడండి. అక్కడ నష్టాల్లో నడిచే రవాణా లాంటి సంస్థల్ని ప్రభుత్వం బయట ఉంచారు. 2010 నవంబరులో యూరోపియన్ యూనియన్ గణాంక కార్యాలయం యూరోస్టాట్ వాటిలో చాలావాటిని లోపలికి లాగింది. 2009 లోటు అంతకుముందు జీడీపీలో 13.6 శాతం అన్నది 15.4 అయింది. మొత్తం ఆ మార్పు వల్లే అనను, కానీ అందులో దీని వాటా పెద్దదే.

ఫారం_బాధితురాలు
సరే, మా సంగతికి వద్దాం. బోర్డులో తొమ్మిది మంది. ఐదుగురిని మంత్రిత్వ శాఖ నామినేట్ చేస్తుంది. బడ్జెట్ వాళ్లు ఆమోదిస్తేనే ఖర్చు పెడతాం. అప్పు కూడా వాళ్ల అనుమతితోనే. మూసేస్తే ఆస్తులు శాఖకే పోతాయని డీడ్‌లో ఉంది.

పాతచిట్టా
అయితే మీ ఆడిటర్ గారి "ప్రైవేటు" అక్కడే పోయింది. తొమ్మిదిలో ఐదు ఒక్కటే చాలు, మిగతావి కొసరు. ఇక మూడో మాట. ఆదాయం ఎలా వస్తుంది?

ఫారం_బాధితురాలు
పోయిన సంవత్సరం ఖర్చుని వంద అనుకుంటే, చేరినవాళ్ల ఫీజులు 30. శాఖ ఒక్కో అభ్యర్థికి ఇంత అని ఇచ్చేది 25. మిగతా 45 ఏడాది చివర "లోటు భర్తీ" అని ఒకేసారి వేస్తారు.

సగంలెక్క
అయితే అమ్మకం 30 ఒక్కటే! సగం కంటే తక్కువ, కాబట్టి ప్రభుత్వమే. అయిపోయింది.

పాతచిట్టా
తొందరపడకండి. తలకి ఇంత అని ఇచ్చే డబ్బు అమ్మకమే కావచ్చు. ప్రభుత్వం దగ్గరి నుంచి వచ్చిన ప్రతి పైసా గ్రాంటు కాదు. ఎంత పని చేశారో దాన్ని బట్టి, ఆ పని చేసే ఎవరికైనా అదే రేటున ఇస్తే, అది సేవ కొన్నట్టు. లోటు ఎంతుంటే అంత నింపేది మాత్రం అమ్మకం కాదు, అందులో అనుమానం లేదు. అమ్మా, మీలాంటి శిక్షణే ఇచ్చే ప్రైవేటు సంస్థలకి కూడా శాఖ అదే తలసరి రేటు ఇస్తుందా?

ఫారం_బాధితురాలు
ఇస్తుందండి, రెండు ప్రైవేటు సంస్థలు ఉన్నాయి, అదే రేటు. బిల్లులు నేనే చూశాను.

పాతచిట్టా
అయితే 30, 25 కలిపి 55. సగం దాటారు. పబ్లిక్ కార్పొరేషన్ వైపు మొగ్గుతోంది. ఈఎస్ఏ పద్ధతిలో ఈ 50 శాతం గట్టి నియమం, ఎస్ఎన్ఏలో "ఆర్థికంగా అర్థం ఉన్న ధర" అనే మాట మీద ఎక్కువ నడుస్తుంది. అంటే ఆ ధర వల్ల కొనేవాడు కొనాలా వద్దా అని ఆలోచిస్తాడా, అమ్మేవాడు ఎంత ఇవ్వాలో సర్దుకుంటాడా అని. లెక్క కట్టేటప్పుడు మాత్రం అక్కడా సగం దగ్గరే ఆగుతారు.

డెస్క్_మీద_నిద్ర
ఐర్లండులో నీళ్ల సంస్థ ఇక్కడే బోల్తా పడింది. ఐరిష్ వాటర్‌ని ప్రభుత్వ లెక్క బయట ఉంచాలనే ఆశ కూడా పెట్టుకుని ఇళ్ల నుంచి నీటి చార్జీలు మొదలుపెట్టారు. కానీ చార్జీల మీద పరిమితి పెట్టారు, పైగా ఇళ్లకి 100 యూరోల పొదుపు గ్రాంటు ప్రభుత్వమే తిరిగి ఇచ్చింది. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇస్తే అది ధర ఎలా అవుతుంది? 2015 జులైలో యూరోస్టాట్ కుదరదంది. అక్కడ జనం ఆ చార్జీలు అసలే కట్టమని వీధిన పడ్డారు, అది వేరే కథ.

ఇంకో వింత కూడా చెప్పనా. బ్రిటన్‌లో టీవీ లైసెన్సు ఫీజు లెక్కల్లో పన్ను. ఎందుకంటే బీబీసీ చూసినా చూడకపోయినా టీవీ ప్రసారం చూడాలంటే కట్టాలి. ఫీజు అనే పేరు పెట్టినంత మాత్రాన అది అమ్మకం కాదు. అందుకే బీబీసీ జాతీయ లెక్కల్లో కేంద్ర ప్రభుత్వం కింద ఉంది, వార్తల్లో ప్రభుత్వాన్ని రోజూ ఎంత తిట్టినా సరే.

అడ్డప్రశ్న
హహ, ఇది బాగుంది. మరి కేంద్ర బ్యాంకు? నోట్లు అచ్చేసే బ్యాంకు కంటే ప్రభుత్వం ఇంకేముంటుంది?

పాతచిట్టా
కేంద్ర బ్యాంకు ప్రభుత్వంలో ఉండదు. ఆర్థిక సంస్థల్లో దానికంటూ ఒక గూడు, ఎస్.121. అమ్మకాలకీ ఖర్చుకీ పరీక్ష కూడా పెట్టరు. అది ఏ పని చేస్తుందో దాన్ని బట్టే స్థానం. డబ్బుకి సంబంధించిన మధ్యవర్తిత్వం చేసేవాటికి 50 శాతం పరీక్ష కుదరదు, అవి రిస్కు నెత్తిన వేసుకుంటున్నాయా లేదా అని చూస్తారు. ఒక ప్రభుత్వం "ఫలానా ఫైనాన్స్ కార్పొరేషన్" అని పెట్టి, దాని పేరు మీద అప్పు తెచ్చి, రోడ్లకి ఖర్చు పెట్టి, మళ్లీ బడ్జెట్ నుంచే వాయిదాలు కడితే, దానికి సొంత నిర్ణయమంటూ ఏముంది? అలాంటిదాన్ని ప్రభుత్వంలో కలిపేయాలి. బయటి దేశంలో పెడితే కలపలేరు, కానీ ఆ అప్పుని ప్రభుత్వమే చేసినట్టు లెక్కలో రాసుకుంటారు.

సగంలెక్క
ఇంకొకటి నన్ను తొలుస్తోంది. సంస్థ గూడు మారితే జీడీపీ కూడా మారుతుందా? పని అదే, జీతాలు అవే కదా.

పాతచిట్టా
మారొచ్చు. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు, కాగితం మీద వేసి చూడండి. ఒక సంస్థకి జీతాలు 50, కొన్న సరుకులు, సేవలు 40, తరుగుదల 10, మొత్తం 100. అమ్మకాలు 40. మార్కెట్ సంస్థ అనుకుంటే ఉత్పత్తి 40, కొన్నది 40, అది జీడీపీకి కలిపిన విలువ సున్నా. ప్రభుత్వంలో పెడితే? అక్కడ ఉత్పత్తిని అమ్మకంతో కొలవరు, ఖర్చుతో కొలుస్తారు. ఉత్పత్తి 100, కొన్నది 40 తీసేస్తే 60. అమ్మకం పోగా మిగిలిన 60ని ప్రభుత్వమే జనం తరఫున వాడినట్టు ప్రభుత్వ వినియోగంలో రాస్తారు. నిన్నటి నష్టం ఇవాళ సేవ అయిపోయింది.

సగంలెక్క
కానీ ఆ నష్టాన్ని ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తే ఆ 60 అప్పుడూ ఉత్పత్తిలో కలుస్తుంది కదా?

పాతచిట్టా
సరుకు మీద ఇచ్చిన సబ్సిడీ అయితే సంస్థ ఉత్పత్తి విలువలో కలుస్తుంది, నిజమే. కానీ మార్కెట్ ధరల జీడీపీకి వచ్చేసరికి దాన్ని తీసేస్తారు. కాబట్టి మొత్తం జీడీపీలో తేడా అలాగే ఉంటుంది. మీరు అడిగిన చోటే మా ఆఫీసులో ఒకప్పుడు రెండు రోజులు వాదించుకున్నాం. టీ ఖర్చు మాత్రం నాది.

అడ్డప్రశ్న
అంటే ఒక దేశం తన నష్టాల సంస్థల్ని ప్రభుత్వంలోకి తెచ్చుకుంటే జీడీపీ పెరుగుతుంది, లోటూ పెరుగుతుంది. ఏది కావాలో కోరుకో అన్నట్టు.

పాతచిట్టా
కోరుకునే హక్కు వాళ్లకి ఉండకూడదనే గణాంక కార్యాలయానికి స్వతంత్రం. ఆర్థిక శాఖ కాగితాలు ఇవ్వొచ్చు, వాదించొచ్చు, తీర్పు మాత్రం చెప్పకూడదు. చెప్పిన చోట్ల ఏమవుతుందో పైన గ్రీసు దగ్గర చూశారు.

ఫారం_బాధితురాలు
మళ్లీ నేనే. 55 రాసి పంపేయనా?

పాతచిట్టా
ఆగమ్మా. ఆ వందలో తరుగుదల ఉందా? బిల్డింగు మీదేనా? అప్పు ఉందా?

ఫారం_బాధితురాలు
బిల్డింగు మాదే, బ్యాంకు అప్పు మీద కట్టాం. ఆ లెక్క వేరే పుస్తకంలో ఉంటుంది, "భవన నిధి" అని. తరుగుదల మేం ఎప్పుడూ రాయలేదండి, ట్రస్టుకి ఎందుకని.

పాతచిట్టా
అదే అనుకున్నాను. రెండూ తెండి. ఈఎస్ఏ పద్ధతిలో ఉత్పత్తి ఖర్చులో తరుగుదలా ఉంటుంది, ఈ పరీక్ష కోసం నికర వడ్డీ కూడా కలుపుతారు. పాత పద్ధతిలో వడ్డీ కలిపేవాళ్లు కాదు. అప్పులతో నడిచే రైల్వే, మెట్రో లాంటివి అప్పట్లో పరీక్ష నెగ్గి, 2014 తర్వాత తప్పడానికి ఒక కారణం ఇదే. మీ దేశంలో ఏ పద్ధతి వాడుతున్నారో ఫారం వెనక సూచనల్లో ఉంటుంది చూడండి.

ఫారం_బాధితురాలు
చూశాను, వడ్డీ కలపమనే ఉంది. రాత్రంతా కూర్చుని తీశాను. తరుగుదల 8, వడ్డీ 6. ఖర్చు 114 అయింది. 55ని 114తో భాగిస్తే 48.2!! ఇప్పుడు మేం ప్రభుత్వమా??

సగంలెక్క
ఒక్క తరుగుదల, వడ్డీ దెబ్బకి గూడు మారిపోయింది. మీ ఆడిటర్ గారికి ఈ లింకు పంపండి.

పాతచిట్టా
ఇంకా మారలేదు. ఒక్క ఏడాది చూసి తిప్పరు, కొన్నేళ్లు వరసగా ఎలా ఉందో చూస్తారు. లేకపోతే 49 దగ్గర ఉన్న సంస్థ ఏటా గడప దాటుతూ ఉంటుంది, అంకెల వరస చదవలేం. అంతకుముందు రెండేళ్లవి కూడా ఇదే పద్ధతిలో తీయండి.

ఫారం_బాధితురాలు
తీశాను. 55.3, 52.9, ఇప్పుడు 48.2. తగ్గుతూనే వస్తోంది. ఫీజులు పెంచలేదు, జీతాలు పెరిగాయి.

పాతచిట్టా
మూడూ అలాగే రాయండి, ఏదీ దాచకండి, పద్ధతి మార్చి లెక్కపెట్టినట్టు పక్కన ఒక ముక్క రాయండి. సగటు ఇంకా సగం పైనే ఉంది కాబట్టి ఇప్పటికి పబ్లిక్ కార్పొరేషన్‌గా ఉంచుతారని నా అంచనా, నిర్ణయం వాళ్లది. ఈ దిగుడు ఇలాగే సాగితే వచ్చే సంవత్సరమో, ఆపై సంవత్సరమో మళ్లీ ఫారం వస్తుంది. ప్రైవేటు అని మాత్రం రాయకండి.

అడ్డప్రశ్న
డైరెక్టర్ గారికి ఒక ఐడియా. ఆ "లోటు భర్తీ" 45లో కొంత తలసరి రేటులో కలిపేయమని శాఖని అడిగితే సరి, సగం పైన హాయిగా ఉండొచ్చు.

పాతచిట్టా
మీకు మా ఆఫీసులో ఉద్యోగం ఇచ్చి ఉండాల్సింది, ఇటువైపో అటువైపో. రేటు మీకొక్కరికే పెంచితే అది మారువేషంలో ఉన్న గ్రాంటే, పట్టుకుంటారు. ఆ రెండు ప్రైవేటు సంస్థలకి కూడా పెంచితే అప్పుడు నిజంగా ధరే. శాఖ దానికి ఒప్పుకుంటుందా?

ఫారం_బాధితురాలు
డైరెక్టర్ గారికి చెప్పాను. ఆ ప్రైవేటు వాళ్లకి కూడా పెంచాలంటే వద్దులే అన్నారు. ఫారం మూడేళ్ల అంకెలతో ఇవాళ పంపేశాను. అందరికీ చాలా థాంక్స్, ముఖ్యంగా పాతచిట్టా గారికి. ఇప్పుడే ఆడిటర్ గారు ఫోన్ చేశారు, తరుగుదల ఎవరు రాయమన్నారని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?